మాథిస్ గీసిన గాయాలు

జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ అసలు పేరు అది కాదు, మాథిస్ గోతార్ట్ నీతార్ట్. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1675లో, సాండ్రార్ట్ అనే ఆయన చిత్రకారుల జీవితాలు రాస్తూ పొరపాటున ఆ పేరు పెట్టాడు. అదే నిలిచిపోయింది.

మైంజ్ ఆర్చిబిషప్పు కొలువులో మాథిస్ ఆస్థాన చిత్రకారుడు. నీటి నిర్మాణాల పని కూడా తెలిసినవాడు. 1512-1516 మధ్య ఇసెన్‌హైమ్ మఠంలో బలిపీఠం మీద పెట్టడానికి, తలుపుల్లా తెరుచుకునే చెక్క పలకల మీద బొమ్మలు గీశాడు. ఆ మఠంలో ఆస్పత్రి ఉండేది. రై అనే ధాన్యానికి ఒకరకం బూజు పడుతుంది. ఆ పిండితో చేసిన రొట్టె తిన్నవాళ్లకు ఒళ్లంతా మంటలు, పుండ్లు, చివరికి కాళ్లూ చేతులూ కుళ్లి ఊడిపోయేవి. సెయింట్ ఆంటోనీ అగ్ని అనేవారు దాన్ని.

తలుపులు మూసి ఉన్నప్పుడు ఆ రోగులకు కనిపించేది సిలువ మీది క్రీస్తు. అందమైన బొమ్మ కాదది. ఒళ్లంతా ముళ్లు దిగి, పుండ్లు పడి, రంగు మారిపోయి ఉంటుంది. రోగి తన బాధనే దేవుడి ఒంటి మీద చూసుకున్నాడన్నమాట.

పక్కన బాప్తిస్మమిచ్చే యోహాను పొడుగాటి వేలితో క్రీస్తును చూపిస్తుంటాడు. బైబిలు ప్రకారం అప్పటికే యోహాను తల నరికేశారు! అంటే మాథిస్ గీసింది జరిగినదాన్ని కాదు, దాని అర్థాన్ని. యోహాను కాళ్ల దగ్గర గొర్రెపిల్ల, దాని రొమ్ములోంచి రక్తం ఒక పాత్రలోకి కారుతుంటుంది. క్రీస్తు బలికి అది గుర్తు. మగ్దలేనే మరియ మాత్రం క్రీస్తు కన్నా చాలా చిన్నగా ఉంటుంది. పటచిత్రాల్లో దేవుణ్ణి పెద్దగా, భక్తుల్ని చిన్నగా చూసినవాళ్లం, మనకిది వింతేం కాదు.

కింది పలకలో క్రీస్తు దేహాన్ని సమాధికి తీసుకెళ్తుంటారు. ఆ పలకను రెండుగా జరిపితే కాళ్లు తెగిపోయినట్టుంటుంది. కాళ్లు పోగొట్టుకున్న రోగుల కోసం కావాలనే అలా చేశాడని కొందరు పండితులంటారు. నాకు నమ్మాలనే ఉంది. కాళ్లూ చేతులూ పూర్తిగా లేని జగన్నాథుడికి మొక్కే ఊళ్లో ఉన్నాం గదా!

పై తలుపులు తెరిస్తే లోపల లేచి వస్తున్న క్రీస్తు. పుండ్లు ఒక్కటీ లేవు, మేకుల గుర్తులు మాత్రం మిగిలాయి.

1525 రైతుల తిరుగుబాటు తర్వాత మాథిస్ కొలువు పోయింది. 1528లో హాలే పట్టణంలో చనిపోయాడు. ఆయన సామానులో లూథర్ రచనలు దొరికాయి. ఇప్పుడా పలకలు ఫ్రాన్సులోని కోల్మార్ మ్యూజియంలో విడివిడిగా నిలబెట్టి ఉన్నాయి. లోపలి బొమ్మల కోసం పండగ దాకా ఆగక్కర్లేదు.