మురుగు నీటికీ దారి చూపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 15వ తేదీన దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాము. ఆ రోజు సభల్లో విశ్వేశ్వరయ్యగారి పటానికి పూలమాల వేస్తారు. వక్తలందరూ కృష్ణరాజసాగరం గురించి, ఉస్మాన్‌సాగర్ గురించి చెబుతారు. అవి చెప్పుకోదగినవే. అయితే ఆ మహనీయుడు జీవితంలో చాలా కాలం మంచినీటితోపాటు మురుగు నీటి గురించి కూడా ఆలోచించారన్న సంగతి సభల్లో అంతగా వినపడదు. మురుగు మాట వేదిక మీద ఎత్తడం మర్యాద కాదనుకుంటారో ఏమో! ఇంజనీరింగు సెక్షనులో గుమాస్తాగా చేరి, ఇంటి డ్రైనేజి కనెక్షన్ల దరఖాస్తులు చూస్తూ సగం సర్వీసు గడిపినవాడిని కనుక, ఆ కొరత తీర్చే పని నేను చేస్తే తప్పులేదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విశ్వేశ్వరయ్యగారు 1860లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. వారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఊరు విడిచి తరాలు గడిచినా ఇంటిపేరులో ఊరు నిలిచింది, ఇంట్లో తెలుగు నిలిచింది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ రామయ్యగారి ఆసరాతో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో 1881లో బి.ఏ. పూర్తి చేశారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883 పరీక్షల్లో ప్రథమ స్థానం పొందారు. 1884లో బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో చేరారు.

ఆ రోజుల్లో బొంబాయి రాజధాని సింధు దాకా విస్తరించి ఉండేది. 1894లో వారిని సక్కర్ పట్టణానికి పంపారు. సింధు నది పక్కనే ఉన్నా ఆ ఊరి జనం బురద నీళ్ళు తాగుతున్నారు. నీరు వడగట్టే తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు నది అడుగు ఇసుకలోనే బావి దింపించి, ఆ ఇసుకే నీటిని వడగట్టేటట్టు చేశారు. ఉన్న డబ్బులో పని ఎలా కావాలో చూడడం వారి పద్ధతి. తరువాత సూరత్‌లో, పూనాలో పనిచేశారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు వారు రూపొందించిన స్వయంచాలక గేట్లను 1903లో అమర్చారు. వరద పెరిగితే వాటంతటవే తెరుచుకుని, తగ్గితే మూసుకునే గేట్లవి. వాటికి పేటెంటు ఉన్నా, ఉద్యోగిగా ఉండి చేసిన దానికి రాయల్టీ పుచ్చుకోవడం తగదని వద్దన్నారని చెబుతారు.

బొంబాయి ప్రభుత్వంలో వారు శానిటరీ ఇంజనీరు పదవి కూడా నిర్వహించారు. నీటి సరఫరా, మురుగు పారుదల పథకాలు వారి పరిశీలనకు వచ్చేవి. 1906లో ప్రభుత్వం వారిని ఏడెన్‌కు పంపింది. అప్పట్లో ఏడెన్ బొంబాయి పాలనలోని ఓడరేవు, సైనిక స్థావరం. వానలు లేవు, తాగునీటికి కటకట. అక్కడ నీళ్ళు ఎక్కడినుంచి తేవాలో, వాడిన నీళ్ళు ఎక్కడికి పంపాలో రెంటికీ పథకం తయారుచేసి ఇచ్చారు. ఒక ఊరికి నీళ్ళు తేవడమంటే అంతే మురుగును కూడా తెచ్చినట్టే. బావి నీళ్ళు చేదుకునే ఇంట్లో పది బిందెలు సరిపోతాయి. కొళాయి వచ్చిన ఇంట్లో అంతకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఆ నీళ్ళన్నీ మళ్ళీ ఎక్కడికో పోవాలి కదా!

సీనియారిటీలో తనకంటే పైవారిని దాటి పైకి వచ్చినా, చీఫ్ ఇంజనీరు పదవి భారతీయులకు దక్కే కాలం కాదు అది. విశ్వేశ్వరయ్యగారు 1908లో, నలభై ఎనిమిదవ యేట స్వచ్ఛంద పదవీ విరమణ కోరారు. పూర్తి పెన్షనుకు కావలసిన సర్వీసు లేకపోయినా, వారి సేవలను గుర్తించి ప్రభుత్వం పెన్షను మంజూరు చేసింది. మన సంఘ సభ్యులు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఈ రోజు మనం వారిని తలచుకునే పెద్ద పనులలో ఎక్కువ భాగం వారు పెన్షనరు అయిన తరువాత చేసినవే!

రిటైరై విదేశాలు చూడడానికి వెళ్ళిన సమయంలోనే హైదరాబాదులో ఘోరం జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఊరి మీదికి వచ్చింది. సుమారు 15,000 మంది ప్రాణాలు పోయాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. ఆ చెట్టును నేటికీ చూపిస్తారు. నిజాం ప్రభుత్వం తంతి పంపి విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించింది. తలపెట్టిన పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో వారు హైదరాబాదు వచ్చారు.

ప్రభుత్వం వారికి మూడు పనులు అప్పగించింది. మొదటిది, పాడైన నగరాన్ని తిరిగి కట్టడానికి సలహా ఇవ్వడం. రెండవది, మళ్ళీ వరద రాకుండా ఉపాయం చెప్పడం. మూడవది, హైదరాబాదు నగరానికి, చాదర్‌ఘాట్‌కు సంపూర్ణమైన మురుగు పారుదల పథకం తయారుచేయడం. ఈ మూడవదాన్నే మనం మరిచిపోయాము.

వరద కారణాలు వెతకడానికి వారు మూసీ పరీవాహక ప్రాంతమంతా లెక్క తీయించారు. 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేలింది. ఒక చెరువు తెగి కింది చెరువును తెంచగా, అన్నీ కలిసి నగరం మీద పడ్డాయి. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని సూచించారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. కొన్ని నెలలలోనే నివేదికలు ఇచ్చి, 1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు.

మురుగు పథకం మాత్రం ఆ వేగంతో కదలలేదు. జలాశయం కడితే జనం వెళ్ళి చూస్తారు, శిలాఫలకం నిలుస్తుంది. భూమిలో పాతిన గొట్టాన్ని చూడడానికి ఎవరు వెళతారు? ఫైళ్ళ మధ్య బతికినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. విశ్వేశ్వరయ్యగారు 1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా ఉన్నారు. కృష్ణరాజసాగరం పనులు సాగించారు. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వారి చొరవతో వెలిశాయి. 1918లో దివాను పదవి కూడా వదులుకున్నారు. 1922లో నిజాం ప్రభుత్వం మళ్ళీ పిలిచింది. అరవై దాటిన వయస్సులో, తాను పదమూడేళ్ళ క్రితం వదిలి వెళ్ళిన మురుగు పథకాన్ని తిరిగి చేతపట్టుకున్నారు. 1931 నాటికి హైదరాబాదుకు భూగర్భ మురుగు వ్యవస్థ అమరింది. అది 54 చదరపు కిలోమీటర్లలో నివసించే 4,68,000 మంది జనాభాకు వేసిన లెక్క. మూసీ ఒడ్ల వెంట పెద్ద గొట్టాలు మురుగును అంబర్‌పేట వైపు తీసుకుపోయేవి.

ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. మురుగు గొట్టంలో పంపు ఉండదు, వాలే దానికి పంపు. సెకనుకు రెండు మూడు అడుగుల వేగంతో నీరు పారితే చెత్త కిందికి దిగకుండా కొట్టుకుపోతుంది. వేగం తగ్గితే మడ్డి పేరుకుంటుంది. వీధిలో ఎంత మంచి గొట్టం వేసినా ఇంటి నుంచి కనెక్షను లేకపోతే ఉపయోగం లేదు. కనెక్షను ఉండి ఇంటివారు నియమం పాటించకపోతే మరీ నష్టం. అందుకే అన్ని పురపాలక నిబంధనలలోనూ దాదాపు ఇవే మాటలు ఉంటాయి: అనుమతి లేకుండా కనెక్షను పెట్టుకోరాదు, వాన నీటిని మురుగు గొట్టంలోకి వదలరాదు, చెత్త, గుడ్డలు, నూనె జిడ్డు వేయరాదు, కార్ఖానా నీటిని శుద్ధి చేయకుండా పంపరాదు. 1974లో వచ్చిన నీటి కాలుష్య నివారణ చట్టం కూడా విషపదార్థాలను వాగుల్లోకి, బావుల్లోకి, మురుగు కాలువల్లోకి వదలడాన్ని నిషేధించింది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 1986లో ఇల్లు కట్టుకున్నప్పుడు డాబా మీది వాన నీటి గొట్టాన్ని మురుగు ఛాంబరులోకే కలిపేశాను. వేరే గొట్టం వేస్తే మూడు వందల రూపాయలు అదనమని మేస్త్రీ చెప్పాడు. అదే నిబంధన ఉన్న ఫారాలను ఆఫీసులో రోజూ చూస్తున్నవాడిని! మొదటి పెద్ద వానకు నా డాబా నీళ్ళు, వీధిలో నాలాంటివాళ్ళ డాబాల నీళ్ళు కలిసి ఆ చిన్న గొట్టాన్ని నింపేశాయి. పల్లంలో ఉన్న ఇంటి మామ్మగారి స్నానాల గదిలోంచి మురుగు పైకి ఉబికి, వంటింటి దాకా వచ్చింది. ఆవిడ మడి కట్టుకుని దేవుడికి దీపం పెట్టుకునే మనిషి. మూడు రోజులు కూతురింట్లో ఉన్నారు. తిరిగి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. కారణం నేనేనని ఆవిడకు తెలియదు. నేనూ చెప్పలేదు. మర్నాడే వేరే గొట్టం వేయించాను, కానీ ఆ సంగతి చెప్పే ధైర్యం ఆవిడ పోయేదాకా రాలేదు.

ఇంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. గొట్టం పూడితే ఎవరో ఒకరు మ్యాన్‌హోలులోకి దిగుతారు. లోపల పేరుకున్న విషవాయువు మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. మనిషి క్షణాల్లో పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. ఇలా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని ముప్పై లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా చావులు ఆగలేదు. మన వంటింటి జిడ్డుకు, మనం పడేసిన పాత గుడ్డకు ఆ చావుతో సంబంధం లేదని నేను అనలేను.

విశ్వేశ్వరయ్యగారు లెక్క వేసిన నగరం ఐదు లక్షల లోపు మనుషులది. నేటి హైదరాబాదు కోటి దాటింది. 1989లో నీటి సరఫరాకు, మురుగు పారుదలకు ప్రత్యేక బోర్డు ఏర్పడింది. అంబర్‌పేటలో పెద్ద శుద్ధి కేంద్రం వచ్చింది. అయినా 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ కురిసిన వానలకు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. చెరువులు పూడ్చి, నాలాల మీద ఇళ్ళు కట్టిన తరువాత నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. 1909లో వారు చెరువులను లెక్కపెట్టించింది ఊరికే కాదు.

వారికి 1955లో భారతరత్న లభించింది. తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో బీహారులో గంగానది మీద వంతెనకు స్థలం నిర్ణయించే పనిలో సలహా ఇచ్చారు. 1960లో శతజయంతికి ప్రభుత్వం వారి తపాలా బిళ్ళ విడుదల చేసింది. బతికి ఉండగానే తపాలా బిళ్ళ మీద తమ బొమ్మ చూసుకున్నవారు ఎందరుంటారు? 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో పరమపదించారు. ఉద్యోగంలో గడిపింది ఇరవై నాలుగేళ్ళయితే, పదవీ విరమణ తరువాత అంతకంటే ఎక్కువ కాలం పనిచేశారు.

మనలో జలాశయాలు కట్టగలిగినవారు ఎవరూ లేరు. కాని మన ఇంటి డాబా గొట్టం ఎక్కడికి పోతున్నదో, ఛాంబరు మూత సరిగా ఉన్నదో లేదో చూసుకోగలము. కొడుకులూ కోడళ్ళూ కొత్త ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, ప్లానులో పూజగది దిక్కుతోపాటు మురుగు పోయే దిక్కు కూడా అడగగలము. వచ్చే సెప్టెంబరు 15న ఆ మహనీయునికి పూలమాల వేసి ఇంటికి వచ్చాక, ఆ పని ఒక్కటి చేయవలసిందిగా సభ్యులందరికీ, వారి కుటుంబాలవారికీ నా మనవి.