న్యాయపీఠం ముందు భగత్‌సింగ్

భగత్‌సింగ్ 1907లో పంజాబు రాష్ట్రంలో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న బంగా గ్రామంలో జన్మించాడు. పోలీసు అధికారి సాండర్స్ హత్యకు సంబంధించిన లాహోరు కుట్రకేసులో అతడు ప్రధాన నిందితుడు. విచారణను త్వరగా ముగించదలచిన వైస్రాయి ఇర్విన్ 1930 మే 1న ఆర్డినెన్సు జారీచేసి, ముగ్గురు న్యాయమూర్తులతో ప్రత్యేక ట్రిబ్యునల్‌ను ఏర్పరచాడు. నిందితులు లేకుండానే విచారణ సాగించే అధికారం దానికి లభించింది. తీర్పుపై హైకోర్టుకు అప్పీలు లేకుండా పోయింది.

మే 12న నిందితులు న్యాయస్థానంలో నినాదాలు చేసి, దేశభక్తి గీతం ఆలపించారు. అధ్యక్షుడైన కోల్డ్‌స్ట్రీమ్ వారికి సంకెళ్లు వేయమని ఆజ్ఞాపించాడు. పోలీసులు అక్కడే వారిని లాఠీలతో మోదారు. ఆ ఉత్తర్వుతో తనకు సంబంధం లేదని సహ న్యాయమూర్తి ఆగా హైదర్ లిఖితపూర్వకంగా ప్రకటించాడు. జూన్‌లో ట్రిబ్యునల్‌ను మార్చినప్పుడు ఆయనకు అందులో స్థానం దక్కలేదు.

నిందితులు నిరసనగా కోర్టుకు రావడం మానుకున్నారు. వారి పరోక్షంలోనే విచారణ పూర్తయింది. అక్టోబరు 7న భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లకు మరణశిక్ష విధించారు. 1931 మార్చి 23న ముగ్గురినీ ఉరితీశారు.

న్యాయస్థాన గౌరవాన్ని కాపాడటం న్యాయమూర్తి ధర్మం. ధిక్కారానికి శిక్ష విధించే అధికారమూ ఆయనకు ఉంటుంది. అయితే ధిక్కారానికి శిక్ష వేరు, నిందితుని వాదన వినకుండానే ప్రాణం తీయడం వేరు. ఈ భేదాన్ని మరచిన న్యాయపీఠానికి గౌరవం నిలువదు.