రోమ్ సర్కారు కొలువులో ఒక రచయిత – పెద్ద ప్లినీ

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. గాంధీ, నెహ్రూల మీద రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను రెండువేల ఏళ్లు వెనక్కి వెళ్లాను. రోమన్ రచయిత పెద్ద ప్లినీ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. ఆయన మనలాగే సర్కారు నౌకరీ చేసినవాడు, పైగా ఆంధ్రుల పేరు తన గ్రంథంలోకి ఎక్కించినవాడు.

నాకు ఆయన పరిచయమైంది నాణేల వల్ల. నేను సూర్యాపేట తహసీలు ఆఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, మన జిల్లా అక్కనపల్లిలో దొరికిన వెండి రోమన్ నాణేల సంగతి పెద్దలు చెప్పగా విన్నాను. ఒక్కచోటనే పదిహేను వందలకు పైగా దొరికాయి. ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి. నాగార్జునకొండలోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. సముద్రాలు దాటి ఈ డబ్బు మన చెలకల్లోకి ఎలా వచ్చిందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. తరువాత మిర్యాలగూడకు బదిలీ అయినప్పుడు గ్రంథాలయంలో ఒక పాత చరిత్ర పుస్తకం చదివాను. నా ప్రశ్నకు జవాబుగా అందులో ప్లినీ పేరు కనిపించింది.

ఆయన పూర్తి పేరు గయస్ ప్లినియస్ సెకండస్. క్రీ.శ. 23లోనో 24లోనో ఉత్తర ఇటలీలోని కోమమ్ పట్టణంలో పుట్టాడు. కలిగిన కుటుంబమే కాని సెనేటు సభ్యుల వంశం కాదు. యౌవనంలో జర్మనీ సరిహద్దున అశ్వదళంలో పనిచేశాడు. గుర్రం మీద నుంచి ఈటె ఎలా విసరాలో ఒక పుస్తకం, జర్మనీ యుద్ధాల మీద 20 సంపుటాలు రాశాడు.

తరువాత నీరో రాజ్యం వచ్చింది. ఆ చక్రవర్తి చివరి ఏళ్లలో స్వతంత్రంగా ఒక మాట రాస్తే ప్రాణానికే ముప్పు. ఆ కాలంలో ప్లినీ రాసింది వ్యాకరణం! సందేహాస్పదమైన పదరూపాల మీద ఎనిమిది సంపుటాలు. కొందరు దీన్ని పిరికితనం అంటారు. ముప్పైమూడేళ్లు కండక్ట్ రూల్సు కింద బతికిన నేను మాత్రం ఆ మాట అనలేను.

68లో నీరో చచ్చాడు. మరుసటి ఏడు వెస్పేసియన్ గద్దెనెక్కాక ప్లినీకి మంచి రోజులొచ్చాయి. స్పెయిన్ మొదలైన రాష్ట్రాలలో ఆదాయవ్యయాలు చూసే పెద్ద అధికారి అయ్యాడు. తెల్లవారకముందే చక్రవర్తి దగ్గరికి వెళ్లడం, ఆ తరువాత తన ఆఫీసు పని, ఇంటికొచ్చాక చదువు – ఇదీ దినచర్య. భోజనం చేస్తున్నా, స్నానం ముగించి ఒళ్లు తుడిపించుకుంటున్నా ఒకడు చదివి వినిపించవలసిందే. ప్రయాణంలో పక్కన రాయసగాడు ఉండేవాడు. చలికాలంలో వాడి చేతులు కొంకర్లు పోయి రాత ఆగకుండా చేతి తొడుగులు కూడా ఇప్పించాడట. మన ఆఫీసుల్లో రాతగాళ్ల చేతుల గురించి అంతగా ఆలోచించిన అధికారిని నేనైతే చూడలేదు. ఒకసారి చదివేవాడు ఒక పదం తప్పు పలికితే, పక్కనున్న స్నేహితుడు ఆపి మళ్లీ చదివించాడు. అర్థమయ్యాక కూడా ఎందుకు ఆపావు, పది పంక్తుల సమయం పోయిందని ప్లినీ ఆ స్నేహితుణ్నే మందలించాడు.

ఈ విధంగా చిన్న అక్షరాలతో, కాగితానికి రెండు వైపులా నింపిన 160 నోటు పుస్తకాలు తయారయ్యాయి. స్పెయిన్‌లో ఉండగా వాటికి ఒకాయన నాలుగు లక్షల సెస్టర్సులు ఇస్తానన్నా ఆయన అమ్మలేదు. వాటి ఫలమే 77లో వెలువడిన ప్రకృతి చరిత్ర, 37 సంపుటాలు. ఆకాశం, భూగోళం, జంతువులు, చెట్లు, మందులు, లోహాలు, శిల్పాలు – అన్నీ అందులోనే.

మన దేశం సంగతి ఆరో సంపుటంలో ఉంది. ఆంధ్రులు బలమైన జాతి అనీ, వారికి లెక్కలేనన్ని పల్లెలు, గోడలూ బురుజులూ గల 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయనీ రాశాడు. ఆయన ఇక్కడికి వచ్చి చూసింది లేదు. అంతకుముందటి గ్రంథాల నుంచి ఎత్తి రాసుకున్నదే. విన్నదంతా రాయడం ఆయన లోపం. మన దేశంలో బంగారం తవ్వే చీమలున్నాయని కూడా రాశాడు మరి!

కాని డబ్బు లెక్కకు వచ్చేసరికి ఖజానా మనిషి బయటపడతాడు. ఇండియా ఏటా రోము నుంచి 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తున్నదనీ, ఇక్కడి సరుకు అక్కడ నూరురెట్లకు అమ్ముడుపోతున్నదనీ ఆయన ఫిర్యాదు. మిరియాలలో కారం తప్ప ఏముందని జనం ఎగబడుతున్నారో ఆయనకు అంతుపట్టలేదు. నల్ల మిరియాలు పౌను 4 దినారాలు. ఒక మామూలు నిశ్చితార్థపు విందులో లోలియా పౌలినా అనే ఆమె 4 కోట్ల సెస్టర్సుల పచ్చలూ ముత్యాలూ పెట్టుకొని కూర్చోవడం ఆయన కళ్లారా చూశాడు. ఎవరైనా అనుమానిస్తే చూపడానికి కొనుగోలు కాగితాలు కూడా ఆమె దగ్గర సిద్ధం! ఇది చదివాక అక్కనపల్లి వెండి ఏ వైపు నుంచి వచ్చిందో నాకు బోధపడింది.

79లో ఆయన మిసేనమ్ రేవులో నౌకాదళాధిపతి. ఒక మధ్యాహ్నం భోంచేసి చదువుకుంటూ ఉంటే, వింత మేఘం లేచిందని చెల్లెలు చెప్పింది. నిలువు మాను మీద కొమ్మలు విచ్చుకున్నట్టు, మన తాటిచెట్టు వంటి ఆకారం. అది వెసూవియస్ కొండ పేలుడు. చూసి రాసుకుందామని చిన్న పడవ సిద్ధం చేయించాడు. అంతలో కొండ కింద చిక్కుకున్న ఒక స్త్రీ నుంచి రక్షించమని కబురు వచ్చింది. వెంటనే చిన్న పడవ మాని పెద్ద యుద్ధనౌకలు తీయించి, అందరూ పారిపోతున్న వైపే వెళ్లాడు. బూడిద రాలుతున్నా, చూసినదంతా చెబుతూ రాయించాడు. స్టాబియేలో మిత్రుడి ఇంట దిగి, వాళ్లకు ధైర్యం కలగాలని స్నానం చేసి, భోంచేసి, గురకపెట్టి నిద్రపోయాడు. తెల్లవారుజామున రాళ్లవాన తట్టుకోవడానికి తలలకు దిండ్లు కట్టుకొని అందరూ ఒడ్డుకు చేరారు. అక్కడ రెండుసార్లు చన్నీళ్లు అడిగి తాగి, ఇద్దరు సేవకుల మీద ఆనుకొని లేవబోయి కూలిపోయాడు. వయసు యాభై అయిదు. పెన్షన్ ముఖం చూడలేదన్నమాట. ఈ సంగతులన్నీ మనకు తెలిసింది మేనల్లుడు చిన్న ప్లినీ తరువాత చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరం వల్ల.

తన కాలపు రోము రాజకీయ చరిత్రను ఆయన 31 సంపుటాలు రాసి, తాను పోయాకే బయటపెట్టాలనుకున్నాడు. అందులో ఒక్కటీ నేడు దొరకదు. 160 నోటు పుస్తకాలూ పోయాయి. మిగిలింది ప్రకృతి చరిత్ర ఒక్కటే.

నేనూ రద్దయిన ఫారాల వెనుక మన ప్రాంతపు నాణేల వివరాలు రాసుకొని, రిటైరయ్యాక తీరిగ్గా పుస్తకం చేద్దామని ట్రంకు పెట్టెలో పెట్టాను. కోదాడలో అద్దె ఇంట ఉండగా చెదలు పట్టి నాలుగు పుస్తకాలు మాత్రం మిగిలాయి. ఇప్పుడు కళ్లు సహకరించవు. ఈ వ్యాసం నేను చెబుతుంటే మా మనవరాలు రాసింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తాలూకాల్లో పాత నాణేలు దొరికినప్పుడు స్వయంగా పంచనామా రాసిన మిత్రులు ఎవరైనా ఉంటే, ఏ ఊరు, ఏ పొలం, ఎన్ని నాణేలు అన్నది గుర్తున్నంత వరకు నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.