సవర పలుకు నేర్చిన పంతులు: గిడుగు వెంకట రామమూర్తి

ప్రతి ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. బడుల్లోనూ కాలేజీల్లోనూ గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి, వాడుక భాష కోసం పోరాడిన మహానుభావుడని ఉపన్యాసాలు చెబుతారు. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు నుంచి వచ్చి రాజమహేంద్రవరం హాస్టళ్ళలో ఉండి చదువుకునే మన పిల్లలు కూడా ఆ సభల్లో కూర్చుంటారు. ఆ పటంలో ఉన్న మనిషి తెలుగు కోసం గొంతెత్తక ముందే చాలా ఏళ్ళు ఒక ఆదివాసీ భాష నేర్చుకోవడానికి కొండలెక్కి దిగాడన్న సంగతి మాత్రం ఉపన్యాసం చివర ఒక్క వాక్యంలో తేలిపోతుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సంచికలో ఆ ఒక్క వాక్యాన్నే విప్పి చెప్పుకుందాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. పన్నెండేళ్ళ వయసులో తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. అక్కడ తోటి విద్యార్థి గురజాడ అప్పారావు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతం మీద చరిత్ర చెప్పే పంతులయ్యారు. ఆ తరువాత ఎఫ్.ఏ., బి.ఏ. కూడా ఉద్యోగం చేస్తూ సొంతంగా చదివి పాసైనవే.

ఆయన మెట్రిక్యులేషన్ రాసిన 1879లోనే మన రంపలో పితూరీ లేచింది. కల్లు మీద వేసిన చిగురు పన్ను, ముఠాదార్లను నలిపేసిన మునసబుదారు, అప్పుల పేరుతో పొలాలూ పశువులూ పట్టుకుపోయే వ్యాపారులు, వాళ్ళకు కొమ్ముకాసిన పోలీసులు, ఇవీ కారణాలు. కారం తమ్మన్న దొర పేరు మీ తాతల నోట వినే ఉంటారు. ఆ పోరాటం గురించి కాగితం మీద మిగిలినదంతా దాన్ని అణచిన అధికారులు రాసుకున్నదే. పితూరీ అన్న మాటే చూడండి, ఫిర్యాదు చేసేవాడు వాడే మాటలా ఉంటుంది. ఎవరి చేతిలో కలం ఉంటే చరిత్ర వాళ్ళ మాటలో నడుస్తుంది. పర్లాకిమిడి కుర్ర పంతులుకు ఇది రంప నుంచి తెలిసింది కాదు. ఆయన వేరే దారిలో అక్కడికి చేరుకున్నారు.

ఆ దారి మొదట రాళ్ళ మీదుగా సాగింది. ముఖలింగం గుడి గోడల నిండా శాసనాలున్నాయి. చరిత్ర చెప్పే పంతులు వాటిని చదవలేకపోవడమేమిటని పుస్తకాలు తెప్పించుకుని, గురువు లేకుండా పాత లిపులు నేర్చుకున్నారు. తూర్పు గాంగ రాజుల శాసనాలను పరిష్కరించి పరిశోధన పత్రికల్లో ప్రకటించారు. గాంగుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. పూరీ, కోణార్క గుళ్ళు కట్టించిన వంశం అది. ఒక చిన్న పల్లెటూరు రాళ్ళలో అంత పెద్ద కథ దాగి ఉందని చూపించగలిగారు. కానీ ఆ ఊరి వెనక కొండల మీద బతుకుతున్న సవరల గురించి చెప్పే రాయి ఒక్కటీ లేదు. వాళ్ళ చరిత్ర ఉన్నది వాళ్ళ నోటనే.

ఇక్కడ కాస్త పాత సంగతి చెప్పుకోవాలి. ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడు తన మాట వినని పెద్దకొడుకులను శపించిన కథ ఉంది. వాళ్ళ సంతతే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు అని అందులో చెబుతారు. తెలుగువాళ్ళు తమ పేరు తొలిసారి కనిపించే చోటని గొప్పగా చెప్పుకునే వాక్యం అదే. అందులో ఆంధ్రులూ శబరులూ ఒకే వరసలో, ఒకే శాపం కింద నిలబడి ఉన్నారు. తరవాత ఒకరికి రాజ్యాలు, లిపి, కావ్యాలు వచ్చాయి. రెండోవారు ఆ కావ్యాల్లో పాత్రలుగా మిగిలారు. రామాయణంలో శబరి పళ్ళు పట్టుకుని ఎదురుచూస్తుంది. పూరీ జగన్నాథుడి కథలో విశ్వావసువు అనే సవర రాజు అడవిలో దేవుణ్ణి దాచుకుని కొలుస్తాడు. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే నదికి కూడా శబరి పేరే. ఇంత గౌరవం ఉంది, కాదనను. అయితే ఈ కథల్లో సవరలు మాట్లాడేది ఎప్పుడూ వేరేవాళ్ళ భాషలోనే.

రామమూర్తి గారు సవర మాట సవరలోనే వినాలనుకున్నారు. పర్లాకిమిడి సంతకు కొండల నుంచి దిగివచ్చే సవరలను ఊళ్ళోవాళ్ళు రోజూ చూసేవారు. వాళ్ళ భాషను నేర్చుకోవలసిన భాషగా ఎవరూ అనుకోలేదు. రామమూర్తి గారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక సవర యువకుణ్ణి ఇంట్లోనే ఉంచుకుని అతని దగ్గర నేర్చుకున్నారు. గిడుగు జీవితం చెప్పేవాళ్ళు ఎక్కువగా ఆ యువకుణ్ణి ఒక సవర అని చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. నా లెక్కలో అతను గురువు, పంతులుగారు శిష్యుడు. ఆ తరువాత శిష్యుడు సవర గూడేలకు కాలినడకన వెళ్ళి, వాళ్ళ పాటలూ కథలూ రాసుకున్నారు. ఏళ్ళ తరబడి తిరిగారు. మన్యపు జ్వరం పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్‌తో వినికిడి దెబ్బతిని, మిగతా జీవితమంతా చెవుడుతోనే గడిపారు. వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి జరిగిన నష్టం ఇది.

అంతా చేసి ఆయన కనుగొన్నదేమిటి? సవర అంటే తెలుగు, ఒరియాల విరిగిన ముక్కలని అప్పటి చాలామంది చదువుకున్నవాళ్ళ నమ్మకం. నిజానికి అది ఆ రెండిటికీ చెందని ముండా కుటుంబపు భాష. సంతాలీ, ముండారీలు దాని దాయాదులు. ఇంకా దూరం పోతే మేఘాలయ ఖాసీ, కంబోడియా ఖ్మేర్ దాని చుట్టాలు. దానికి గట్టి వ్యాకరణం ఉంది. సవరలో పులి, గేదె వంటి పేర్లకు ఒక పొట్టి రూపం ఉంటుంది. ఆ పొట్టి రూపం క్రియలోపలికి దూరిపోతుంది. పులి నిన్ను పట్టుకుంటుందని మనం మూడు మాటల్లో చెప్పేది అక్కడ ఒక్క మాటలో ముగిసిపోతుంది. లెక్క కూడా వేరు. పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడుకు పన్నెండు మీద ఒకటి అంటారు. ఇరవై నుంచి ఇరవైల లెక్క మొదలవుతుంది. ముప్ఫై తొమ్మిది అంటే ఇరవై, పన్నెండు, ఏడు. పదుల లెక్కకు అలవాటుపడిన మనం ఒకసారి వేసి చూస్తే, ఈ భాష మాట్లాడేవాళ్ళను లెక్కలు రానివాళ్ళని అనడం ఎంత తేలికో, ఎంత తప్పో తెలుస్తుంది.

భాషా కుటుంబం రక్త సంబంధాన్ని చెప్పదన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో చాలామంది దొరలు భాషనూ జాతినీ ఒకే గాటన కట్టేశారు. మన కోయ గోండీకి దగ్గరి ద్రావిడ భాష. కొండరెడ్లు మాట్లాడేది తెలుగు. అంతమాత్రాన కొండరెడ్డి ఆదివాసీ కాకుండా పోతాడా?

పంతులుగారు నేర్చినదాన్ని తన దగ్గరే దాచుకోలేదు. సవర పిల్లల కోసం వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, పదకోశాలు తయారుచేశారు. సొంత డబ్బుతో సవర బడులు పెట్టించి, పంతుళ్ళకు జీతాలిచ్చారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టమని అడిగారు. అదే ఏడు ఉద్యోగం నుంచి విరమించారు. 1913లో రావు బహద్దరు బిరుదు వచ్చింది. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో ప్రభుత్వమే అచ్చువేసింది. తరవాత నిఘంటువు వచ్చింది. 1934లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు.

ఈ బిరుదులు చూసి మీలో కొందరికి సందేహం రావచ్చు, రావాలి కూడా. కొండల మీద తిరుగుబాట్లను తుపాకులతో అణచిన ప్రభుత్వమే వ్యాకరణం అచ్చువేసింది. కొండలను పాలించే అధికారులకు కొండల భాష కావాలి గనుక వేసింది. ఆ వ్యాకరణం ఇంగ్లీషులో ఉంది, ఒక్క సవర కూడా దాన్ని చదివి ఉండడు. రామమూర్తి గారు తిరుగుబాటుదారు కాదు, ప్రభుత్వంతో కలిసి పనిచేసినవారు. అయినా వ్యాకరణం పక్కన వాచకాలను కూడా పెట్టి చూడాలని నా అభిప్రాయం. వ్యాకరణం దొరల బల్ల మీదికి వెళ్ళింది, వాచకం సవర పిల్లవాడి చేతికి వెళ్ళింది. పంతులుగారు సొంత డబ్బు పెట్టింది ఆ రెండోదానికే.

తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం మీకు పాఠ్యపుస్తకాల్లో ఉంది గనుక క్లుప్తంగా చెబుతాను. లిపి లేని భాషకు అంత చక్కని వ్యాకరణం ఉండటం చూసిన మనిషికి, పండితులు రాసేదే భాష, జనం మాట్లాడేది కాదన్న వాదం నిలబడేదిగా తోచలేదు. సవర నేర్చిన చెవితోనే ఆయన తెలుగును విన్నారని నేననుకుంటాను. జయంతి రామయ్య పంతులు వంటి గట్టి ప్రత్యర్థులు ఎదురయ్యారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడు, రామమూర్తి కార్యదర్శి. అదే ఏడు తెలుగు అనే మాసపత్రిక నడిపారు. 1924 అక్టోబరులో కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద నిషేధం ఎత్తేసింది. 1925లో తణుకు సభలో ఆయన నాలుగు గంటలు మాట్లాడి, గ్రాంథికం అంటూ రాసేవాళ్ళెవరూ తప్పు లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ళ పుస్తకాల నుంచే చూపించారు.

ఆ తేదీల పక్కన మన తేదీలు కూడా రాసుకోండి. 1922 నుంచి 1924 దాకా మన్యంలో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర పోరాడారు. రాజును చంపింది 1924 మే 7న. కాకినాడలో పరిషత్తు నిర్ణయం జరిగింది దానికి ఐదు నెలల తరవాత. జనం భాష గురించి కింద వాదన జరుగుతున్న ఆ రోజుల్లోనే పైన జనం అడవి కోసం చచ్చిపోతున్నారు. రెండూ ఒకే జిల్లా చరిత్ర, కానీ ఒకే పుస్తకంలో కలిసి కనిపించడం అరుదు.

ఇక 1936. భాషను బట్టి ఒరిస్సా రాష్ట్రం ఏప్రిల్ 1న ఏర్పడింది. పర్లాకిమిడి ఎటు పోవాలన్నదాని మీద ఏళ్ళ తరబడి తగువు నడిచింది. రాజావారు ఒరిస్సా వైపు నిలిచారు. రామమూర్తి గారు అక్కడి తెలుగువాళ్ళ తరఫున వాదించారు. ఇటువాళ్ళూ అటువాళ్ళూ చరిత్రనే సాక్ష్యానికి పిలిచారు. గాంగ రాజులు మావాళ్ళంటే మావాళ్ళన్నారు. చివరికి పర్లాకిమిడి ఒరిస్సాకు పోయింది. 56 ఏళ్ళు బతికిన ఊరిని ఆయన 72 ఏళ్ళ వయసులో విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. రాష్ట్రం ఏర్పడిన రోజునే బయలుదేరారని చెబుతారు. మూడేళ్ళ కిందట ఆయన డెబ్భయ్యో పుట్టినరోజు పండుగ ఘనంగా జరిపిన ఊరు ఇదే.

ఆ గీత సవరల మధ్య నుంచి కూడా పోయింది. గుణుపురం, పర్లాకిమిడి అటు, సీతంపేట, పాతపట్నం ఇటు. తెలుగు, ఒరియా వాదనలు వినిపించడానికి సభలూ, అర్జీలూ, కమిటీలూ ఉన్నాయి. సవరలు ఏ భాష మాట్లాడతారన్నది ఆ గీతకు అక్కర్లేకపోయింది. పంతులుగారు బాధతో ఊరు మారగలిగారు. సవరలు కొండ మారలేరు గదా. అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్ళయ్యారు. పిల్లలు ఒకవైపు ఒరియా, రెండో వైపు తెలుగు చదివారు. అదే 1936లో గుణుపురం వైపు మంగేయి గొమాంగో అనే సవర యువకుడు సొంత భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని కల్పించాడు. అందులో అక్షరాలకు సవర దేవతల పేర్లు పెట్టారు. రామమూర్తి గారు జీవితమంతా సవర ధ్వనులను బయటి అక్షరాల్లో పట్టడానికి శ్రమపడ్డారు. ఈ యువకుడు అక్షరాన్నే లోపలి నుంచి తెచ్చాడు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్నడగకండి. ఇద్దరూ ఒకే భాషను రాయదగినదని నమ్మారు.

రాజమహేంద్రవరంలో రామమూర్తి గారు నాలుగేళ్ళే ఉన్నారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు కూడా పత్రికా సంపాదకులకు వాడుక భాష గురించి విన్నపం చేసుకున్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. సవర పనిలో ఆయనకు తోడుగా ఉన్న పెద్దకొడుకు సీతాపతి గారు దాన్ని వదల్లేదు. సవరల గురించి, వాళ్ళ దేశం గురించి ఆయన రాసిన వ్యాసాలు ఈ ఊళ్ళోనే, ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికలో అచ్చయ్యాయి. దాదాపు అరవై ఏళ్ళ తరవాత, 2000ల దశకంలో, సవరతో పాటు మన కోయలో కూడా సర్కారు బడులకు ఒకటో తరగతి వాచకాలు వచ్చాయి.