సవరలకు శిష్యుడైన గిడుగు పంతులు

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పేరు మన పల్లెల్లోనూ పరిచయమైనదే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని ఏటా తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కళాశాలలో పాఠాలు చెబుతూనే కొండగూడేలకు చదువు చేర్చిన పంతులుగా మాత్రం ఆయనను ఎరిగినవారు తక్కువ.

రామమూర్తి 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించగా విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే బి.ఏ. పూర్తిచేశారు. ఆ పాఠశాల కళాశాల అయిన తర్వాత పై తరగతులకూ బోధించారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు నివసిస్తారు. వారి భాష వేరు. ఆనాడు వారి పిల్లలకు బడి లేదు, చదవడానికి పుస్తకం లేదు. వారికి చదువు చెప్పాలంటే ముందు వారి మాట తాను నేర్చుకోవాలని పంతులు నిశ్చయించుకున్నారు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఏళ్ల తరబడి కొండల వెంట తిరిగారు. మన్యపు చలిజ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వల్ల చెవుడు వచ్చింది. అయినా ఆయన పని మానలేదు.

సవర భాషలో వాచకాలు రాశారు. కథలు, పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడులు పెట్టమని కోరారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ 1938లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడంతో ఆయన రాజమండ్రికి తరలివెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

కళాశాల విద్యార్థులు పల్లెలకు వెళ్లి పనిచేసేందుకు 1969లో 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం మొదలైంది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే పంతులు ఆ బాట నడిచారు. మన పడమటి ప్రాంతంలోనూ కళాశాలలున్నాయి, దోర్నాల, యర్రగొండపాలెం వైపు నల్లమలలో చెంచుగూడేలున్నాయి. శిబిరానికి వెళ్లే విద్యార్థి తట్టా పారా పట్టడంతోపాటు అడవి గురించి, నీటి గురించి గూడెం పెద్దలు చెప్పేదీ రాసుకోవాలి. శిబిరం ముగింపు సభలో విద్యార్థికి యోగ్యతాపత్రం ఇచ్చేటప్పుడు, అతనికి నేర్పిన గూడెం పెద్దనూ వేదిక మీద కూర్చోబెట్టి గౌరవించాలి. గిడుగు పంతులుకు సవర నేర్పినవారు కూడా అటువంటి గూడెం మనుషులే.