మైదానం నుంచి మబ్బుల్లోకి: 'బ్లూయీ' ట్రస్కాట్

ఎర్రజుట్టు వాణ్ణి ఆస్ట్రేలియా వాళ్లు వేళాకోళానికి 'బ్లూయీ' అంటారు, అంటే నీలిగాడు! బక్కపలచని వాణ్ణి మనం భీముడని పిలవమూ, అలాగన్నమాట. అలాంటి బ్లూయీ ఒకడు కీత్ ట్రస్కాట్. 1916లో మెల్బోర్న్‌లో పుట్టాడు. అతనికి మొదట పేరు తెచ్చింది విమానం కాదు, బంతి. ఆ దేశపు ఫుట్‌బాల్‌లో మెల్బోర్న్ క్లబ్బు 1939లోనూ 1940లోనూ విజేత అయినప్పుడు అతను జట్టులో ఉన్నాడు. రెండో ఫైనల్ నాటికే వైమానిక దళంలో చేరి, సెలవు మీద వచ్చి ఆడాడు.

శిక్షణలో మాత్రం వెనకబెంచీ వాడే. గాలిలో ఉన్నంతసేపూ ఫరవాలేదు, దిగేటప్పుడే చిక్కు. నేల ఎంత దూరముందో అతని కంటికి అందేది కాదు. ఇంకా ఎంతో ఎత్తులో ఉండగానే విమానాన్ని సమం చేసేసి, దభీమని దించేవాడు. ఇతను పైలట్‌గా పనికొస్తాడా అని శిక్షకులకు అనుమానం వచ్చింది.

అయినా కెనడాలో శిక్షణ ముగించుకుని 1941లో ఇంగ్లండు చేరాడు. 452వ స్క్వాడ్రన్‌లో స్పిట్‌ఫైర్ నడుపుతూ, ఏడాది తిరక్కుండానే ఎన్నో జర్మన్ విమానాలను కూల్చి, శౌర్య పతకం రెండుసార్లు అందుకున్నాడు. ఒకసారి తానే ఇంగ్లిష్ చానల్లో పడి, ప్రాణాలతో బయటపడ్డాడు.

1942లో జపాన్ ముప్పు ఇంటి ముంగిట్లోకి రావడంతో స్వదేశం పిలిచింది. ఆగస్టులో న్యూగినీలోని మిల్నే బే వద్ద జపాన్ సేన దిగింది. ఎడతెగని వాన, బురద. బురదలో పరచిన ఇనుపరేకుల మీంచే కిట్టీహాక్ విమానాలు లేవాలి, దిగాలి! 76వ స్క్వాడ్రన్ నాయకుడు టర్న్‌బుల్ 27న మరణించగా ఆ భారం ట్రస్కాట్ భుజాన పడింది. చెట్ల తలలు తాకేంత కిందుగా ఎగురుతూ ఆ దళం శత్రువుపై తూటాలు కురిపించింది. సెప్టెంబరు మొదటి వారంలో జపాన్ సేన ఓడలెక్కి వెనుదిరిగింది. ఆ విజయంలో పైలట్ల పాలు చిన్నది కాదు.

శత్రువు చేతిలో నేలకొరిగాడని రాస్తే కథ ఘనంగా ఉండేదేమో, జరిగింది అది కాదు. 1943 మార్చి 28న పశ్చిమ తీరంలోని ఎక్స్‌మౌత్ గల్ఫ్ దగ్గర, తాము కాపలా వచ్చిన కాటలీనా విమానంపైనే అభ్యాసం కోసం ఉత్తుత్తి దాడి చేశాడు. కింద సముద్రం అద్దంలా ఉంది. అలలు లేని నీటి మీద ఎత్తు పోల్చుకోవడం ఎంతటి వాడికైనా కష్టమే. విమానం నేరుగా నీటిని ఢీకొంది. అతనికి 26 ఏళ్లు.

పెర్త్‌లో సమాధి చేశారు. మెల్బోర్న్ క్లబ్బు ఏటా తన ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బహుమతికి అతని పేరే పెట్టుకుంది.