డేవ్ రిగెటీ 46కు 40 ఏళ్లు

1986 అక్టోబరు 4న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు బోస్టన్ జట్టుతో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు ఆడింది. రెండింట్లోనూ చివర్లో బంతి అందుకుని జట్టును గట్టెక్కించింది డేవ్ రిగెటీయే. దాంతో ఆ సీజన్లో ఆయన సేవ్‌లు 46కు చేరాయి. అంతవరకూ డాన్ క్విజెన్‌బెరీ, బ్రూస్ సటర్‌ల పేరిట ఉన్న 45 రికార్డు చెరిగిపోయింది. 2026తో ఆ ఘనతకు నలభై ఏళ్లు. రిగెటీ గారికి మనసారా అభినందనలు!

సేవ్ అంటే, జట్టు కొద్ది పరుగుల ఆధిక్యంలో ఉండగా వచ్చి, అది చేజారకుండా ఆట ముగించడం. మన క్రికెట్లో డెత్ ఓవర్లు వేసేవాడి తలనొప్పి లాంటిదే. గెలిస్తే అది అతని డ్యూటీ, ఓడితే అందరి తిట్లూ అతనికే.

నిజానికి రిగెటీ ఆట మొదలుపెట్టే పిచర్, అంటే బంతి విసిరేవాడు. 1981లో అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు. 1983 జులై 4న యాంకీ స్టేడియంలో అదే బోస్టన్ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆఖరున స్ట్రయికవుట్ చేసింది ఎవరినో కాదు, ఆ ఏడాది బ్యాటింగ్ కిరీటం గెలుచుకున్న వేడ్ బాగ్స్‌ని! అలాంటివాణ్ని మరుసటి ఏడే, యాంకీస్‌కి ఆట ముగించే పిచర్ గూస్ గాసెజ్ ఖాళీ చేసిన చోట, ఆట మధ్యలో దిగే పిచర్లు ఎదురుచూసే బుల్‌పెన్‌లో కూర్చోబెట్టారు. అదేం నిర్ణయమని అప్పట్లో గొణిగినవాళ్లు తక్కువేం కాదు.

కొత్త పనీ నల్లేరు మీద నడక కాలేదు. రికార్డు కొట్టిన ఏడాదే టొరంటోలో ఆ ఊరి జట్టు బ్యాటర్ జార్జ్ బెల్ ఆయన బంతిని గోడ దాటించి, నాలుగు పరుగులిచ్చే గ్రాండ్‌స్లామ్‌గా మలిచాడు. ఒళ్లు మండిన రిగెటీ, చేతికొచ్చిన కొత్త బంతిని గిరాటేస్తే అదీ గోడ దాటి అవతల పడింది! నాకైతే 46 అంకె కన్నా ఈ ముచ్చటే ఇష్టం. అంత కోపం చూపించిన మనిషే అక్టోబరు దాకా ప్రతిసారీ మళ్లీ వచ్చి బంతి అందుకున్నాడు కదా.

1990లో బాబీ థిగ్పెన్ 57 సేవ్‌లతో ఆ రికార్డును దాటేశాడు. రిగెటీ ఆటగాడిగా 252 సేవ్‌లతో ముగించి, 2000 నుంచి 2017 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి పిచింగ్ కోచ్‌గా పనిచేశారు. ముగ్గురు మేనేజర్ల హయాం నడిచినా ఆయన కదల్లేదు. 2010, 2012, 2014లలో జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ కాలంలో జెయింట్స్ పిచర్లు ఐదుసార్లు నో-హిట్టర్, అంటే ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట, వేశారు. వాటిలో 2009 నాటి జొనాథన్ సాంచెజ్‌ది ప్రత్యేకం. బుల్‌పెన్‌కు పంపేసిన కుర్రాడు, గాయపడిన రాండీ జాన్సన్ స్థానంలో దిగి ఆ పని చేశాడు. తండ్రి స్టాండ్‌లో కూర్చుని చూశాడు. బుల్‌పెన్‌కు వెళ్లడమంటే ఏమిటో ఆ కోచ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు.

రిగెటీ పుట్టింది శాన్ హోసేలో, ఇప్పుడు మనవాళ్లు ఎందరో ఉంటున్న ఊళ్లో. అక్కడి తెలుగువాళ్లకు ఒక్క మాట. జెయింట్స్ మ్యాచ్‌కి వెళ్తే, ట్రాఫిక్‌కి భయపడి ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే లేచి రాకండి. ఆఖరిదైన తొమ్మిదోది కూడా చూసి రండి.